ఇబ్రాహీం కుతుబ్ షాహ్ - తీరిన ఋణాలు, తీరని ఋణం

షుక్ర్‌కు మూడు స్థానాలున్నాయని మన పెద్దలు చెప్పారు: హృదయం, నాలుక, ఆచరణ. పాలకుని విషయంలో అసలు పరీక్ష మూడవదే. మేలు చేసినవారికి ఇవ్వడానికి అతని చేతిలో పదవులుంటాయి, మరచిపోవడానికి సాకులూ ఉంటాయి.

1543లో గోల్కొండలో సుల్తాన్ కులీ హత్యకు గురైనప్పుడు కుమారుడు ఇబ్రాహీం నల్లగొండ సీమలోని దేవరకొండలో ఉన్నాడు. గద్దెనెక్కిన అన్న జంషీద్ వల్ల ప్రాణభయంతో బీదరుకూ, అక్కడినుండి విజయనగరానికీ వెళ్ళాడు. అళియ రామరాయలు అతన్ని ఏడేళ్ళు ఆదరించాడు. ఇబ్రాహీంకు తెలుగు మీద మక్కువ కుదిరింది అక్కడే.

1550లో జంషీద్ మరణించాడు. కోటలను కాపాడే నాయకవాడీలు, వారి నాయకుడు జగదేవరావు ఇబ్రాహీం పక్షం వహించారు. పాలమూరు సీమలోని కోయిల్‌కొండ నాయకవాడీలు ఆ ఏడే అతనికి విధేయులమని ప్రమాణం చేసి, దాన్ని శాసనంగా చెక్కించారు. దర్బారు భాష ఫార్సీ. శాసనం మాత్రం తెలుగు!

జగదేవరావుకు ఇబ్రాహీం ఉన్నత పదవినిచ్చాడు. అతడేమో మరొక సోదరుడు దౌలత్ కులీని గద్దెనెక్కించాలని కుట్ర పన్ని, అది బయటపడగా బేరారుకు పారిపోయాడు. ఇలాంటి అనుభవం తర్వాత పాలకుడు ఒక వర్గాన్నంతటినీ అనుమానించడం చరిత్రలో కొత్త కాదు. ఇబ్రాహీం అలా చేయలేదు. పాలన చివరి ఏళ్ళలోనూ మురహరిరావు అతని సేనానులలో ప్రముఖుడు.

రామరాయల ఋణం ఇంత తేలిక కాదు. మొదట స్నేహమే నడిచింది. తర్వాత రామరాయలు ఒత్తిడి పెంచి, పాలమూరు సీమలోని పానగల్లు, ఘనపురం కోటలను వశపరచుకున్నాడు. 1565 జనవరిలో రామరాయలను హతమార్చిన దక్కను సుల్తానుల కూటమిలో ఇబ్రాహీం కూడా ఉన్నాడు. దీన్ని కొందరు కృతఘ్నత అన్నారు, కొందరు మతయుద్ధమన్నారు. రెండూ తేలికపాటి తీర్పులే. ఆశ్రయం పొందింది ఇబ్రాహీం అనే వ్యక్తి. కోటలు మాత్రం ప్రజల అమానత్. సొంత బాకీకి అమానత్‌ను చెల్లుబెట్టే హక్కు పాలకునికి లేదు. అయినా ఈ వాదంతో ఏడేళ్ళ ఉప్పు బాకీ కొట్టివేయబడుతుందని అనలేము.

ప్రవాసంలో అబ్బిన భాషను మాత్రం అతడు మరువలేదు. కందుకూరి రుద్రకవిని ఆదరించాడు. అద్దంకి గంగాధరకవి తన ‘తపతీ సంవరణోపాఖ్యానము’ను అతనికే అంకితమిచ్చాడు. తెలుగు కవులు అతన్ని మల్కిభరాముడని పిలుచుకున్నారు. పటాన్‌చెరు ప్రాంతపు అధికారి అమీన్‌ఖాన్ కూడా ఆ దారినే నడిచాడు. పొన్నెగంటి తెలగనార్యుని అచ్చ తెలుగు కావ్యం ‘యయాతి చరిత్ర’ ఆయనకే అంకితం.