హెచ్చరిక రంగులు – పక్షుల పరిహార అభ్యసనం

చేదు, విషం, కొండి వంటి రక్షణ ఉన్న కీటకాలు చాలావరకు ఎరుపు, పసుపు, నలుపు రంగుల్లో కొట్టొచ్చినట్లు కనిపిస్తాయి. అటువంటి కీటకాన్ని ఒకటి రెండుసార్లు రుచి చూసి దెబ్బతిన్న పక్షి ఆ రంగును గుర్తుపెట్టుకొని, మళ్లీ కనబడితే ముట్టదు. దీన్నే పరిహార అభ్యసనం అంటారు. నేర్చుకునేది పక్షే అయినా, ఆ నేర్పును త్వరగా, గట్టిగా నిలిపేది ఎర చూపే హెచ్చరిక అన్న భావన 150 ఏళ్లకు పైగా పరీక్షలకు గురవుతూ వచ్చింది.

ప్రతిపాదన (1862–1869)

పక్షులు ముట్టని సీతాకోకచిలుకల వేషాన్ని వేరే జాతులు అనుకరిస్తాయని అమెజాన్ అడవుల్లో తిరిగివచ్చిన హెన్రీ వాల్టర్ బేట్స్ 1862లో రాశాడు. కొన్ని గొంగళిపురుగులకు అంత సొగసైన రంగులు ఎందుకన్నది చార్లెస్ డార్విన్‌ను వేధించిన ప్రశ్న. లార్వా దశలో జతకట్టడం ఉండదు కనుక లైంగిక వరణంతో దాన్ని వివరించే వీలు లేదు. ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్‌ను అడగమని బేట్స్ చెప్పగా డార్విన్ 1867 ఫిబ్రవరి 23న ఆయనకు ఉత్తరం రాశాడు.

వాలెస్ మర్నాడే ఇచ్చిన జవాబు ఈ శాస్త్రశాఖకు పునాది. గొంగళిపురుగు ఒళ్లు మెత్తన. ఒక్క ముక్కుపోటుకే ప్రాణం పోతుంది. చేదుగా ఉందని పక్షి తరవాత ఉమ్మేసినా పురుగుకు ఒరిగేదేమీ లేదు. కాబట్టి ముక్కు తగలకముందే తాను తినదగినది కానని చాటుకోవాలి. అందుకు తినదగిన పురుగుల్లో కలిసిపోని రంగు కావాలి. కీటక శాస్త్రవేత్త స్టెయిన్‌టన్ ఇంటి టర్కీ పిల్లల ఉదంతాన్ని వాలెస్ సాక్ష్యంగా చూపాడు. పనికిరాని చిమ్మటలను వాటి ముందు పోస్తే అన్నిటినీ ఆబగా మింగాయి. అందులో కలిసిన ఒక తెల్ల చిమ్మటను మాత్రం ఒక పిల్ల తరవాత మరో పిల్ల ముక్కుతో పట్టి వదిలేసింది.

మార్చి 4న లండన్ కీటక శాస్త్ర సంఘం సమావేశంలో వాలెస్ ఈ విషయాన్ని చర్చకు పెట్టాడు. దాన్ని పరీక్షించే పని జాన్ జెన్నర్ వీర్ చేపట్టాడు. తన పక్షిశాలలోని పిట్టలకు రకరకాల పురుగులు వేసి, ఏది తిన్నాయో, ఏది వదిలాయో ఓపిగ్గా రాసుకున్నాడు. నున్నటి ఆకుపచ్చ, గోధుమరంగు పురుగులు చెల్లిపోయాయి. మెరిసే రంగులవి, ఒంటినిండా నూగు ఉన్నవి మిగిలిపోయాయి. 1869లో వెలువడిన ఈ నివేదిక వాలెస్ ఊహకు తొలి ప్రయోగ ఆధారం.

మ్యూలర్ నుంచి ఫిన్ వరకు (1879–1897)

ప్రతి పక్షిపిల్లా స్వయంగా పాఠం నేర్చుకోవలసి ఉంటే, ఆ చదువుకు ఖర్చయ్యేది పురుగుల ప్రాణాలే. రెండు చేదు జాతులు ఒకే రూపంలో ఉంటే ఆ నష్టాన్ని పంచుకుంటాయని బ్రెజిల్‌లో స్థిరపడిన ఫ్రిట్జ్ మ్యూలర్ 1879లో లెక్క కట్టి చూపాడు. హెచ్చరిక రంగులకు శాస్త్రీయ నామం పెట్టినవాడు ఎడ్వర్డ్ పోల్టన్ (1890). అనుభవం లేని కోడిపిల్లలు పసుపు, నలుపు చారల సినబార్ పురుగును పొడిచి, వదిలేసి, ఆపైన దూరంగా ఉండటాన్ని లాయిడ్ మోర్గన్ గమనించాడు.

భారతదేశంలో ఈ విషయంపై జరిగిన విలువైన కృషి ఫ్రాంక్ ఫిన్‌ది. కలకత్తాలోని ఇండియన్ మ్యూజియం ఉద్యోగిగా ఆయన బాబ్లర్ పిట్టలకూ ఇతర పక్షులకూ ఇక్కడి సీతాకోకచిలుకలను ఆహారంగా ఇచ్చి పరీక్షించాడు. వాటిలో జిల్లేడు ఆకులపై గుడ్లు పెట్టే నారింజరంగు ప్లెయిన్ టైగర్ ఒకటి. తెలుగునాట చేలగట్ల మీద నిత్యం కనిపించేదే. బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వచ్చిన వ్యాసాల ముగింపుగా 1897లో ఆయన చెప్పినది ఇది: ప్రతి పక్షీ అనుభవాన్ని విడిగా సంపాదించుకోవాలి, కానీ ఒకసారి నేర్చుకున్నదాన్ని చక్కగా గుర్తుంచుకుంటుంది.

ఇరవయ్యో శతాబ్ది తొలి సగం ఎక్కువగా వాదోపవాదాలతో గడిచింది. పక్షుల జీర్ణాశయాల్లో దొరికిన కీటకాల ఆధారంగా అమెరికాలో మెకాటీ 1932లో ఈ సిద్ధాంతాన్నే శంకించాడు.

మోనార్క్, జే పక్షి

జేన్ వాన్ జాండ్ బ్రోవర్ 1958లో ఫ్లారిడా స్క్రబ్ జే పక్షులతో చేసిన ప్రయోగాలు అనుమానాలను చాలావరకు తీర్చాయి. మోనార్క్ సీతాకోకచిలుకను రుచి చూసిన పక్షులు దాన్ని పోలిన వైస్‌రాయ్‌నూ వదిలేశాయి. తరవాత లింకన్ బ్రోవర్ బృందం విషం మూలాన్ని వెదికింది. జిల్లేడు బంధువైన మిల్క్‌వీడ్ ఆకులు తిని పెరిగిన మోనార్క్ ఒంట్లో గుండెపై పనిచేసే గ్లైకోసైడ్లు చేరతాయి. దాన్ని మింగిన బ్లూ జే కొద్దిసేపటికి ఈకలు నిక్కబొడుచుకొని కక్కేసేది. ఆపైన మోనార్క్‌ను చూడగానే మొహం తిప్పుకునేది. క్యాబేజీ మీద పెంచిన మోనార్క్‌లను మాత్రం పక్షులు ఏ ఇబ్బందీ లేకుండా తిన్నాయి.

ఆధునిక ప్రయోగాలు

గిటిల్‌మన్, హార్వీ 1980లో రంగు వేసిన చేదు తునకలను కోడిపిల్లల ముందు ఉంచారు. నేలరంగులో కలవని తునకలు మొదట్లో ఎక్కువగా పోయినా, మొత్తమ్మీద తక్కువ పోయాయి. కొట్టొచ్చే రంగు వల్ల ఒకే అనుభవంతో కలిగే విముఖత మరింత బలంగా, ఎక్కువ కాలం నిలుస్తుందని రోపర్, రెడ్‌స్టన్ 1987లో తేల్చారు. అన్నీ నేర్చుకున్నవే కావు: చేతిలో పెంచిన మోట్‌మోట్ పక్షులు పగడపు పాము చారలను ఏ అనుభవమూ లేకుండానే తప్పించుకున్నాయని సూజన్ స్మిత్ 1975లో చూపింది. పైరజీన్ అనే ఘాటు వాసన తోడైతే కోడిపిల్లల్లో దాగి ఉన్న రంగు విముఖత బయటపడుతుందని రో, గిల్‌ఫర్డ్ 1996లో కనుగొన్నారు.

నేర్చుకోవడమంటే పూర్తిగా మానేయడం కాదు. గోరింక కుటుంబానికి చెందిన స్టార్లింగులు చేదు పురుగులను గుర్తుపట్టి కూడా, ఆకలిని బట్టి ఎన్ని తినాలో నిర్ణయించుకుంటాయని 2007 నాటి అధ్యయనం తెలిపింది. చేదు తగిలిన తోటి పక్షి తల విదిలించి, ముక్కు తుడుచుకోవడాన్ని వీడియోలో చూసిన గ్రేట్ టిట్‌లు కూడా అటువంటి ఎరను తక్కువగా ముట్టాయని 2018లో థొరోగుడ్, కొక్కో, మాపెస్ ప్రకటించారు. ప్రతి పక్షీ విడిగా నేర్చుకోవాలన్న ఫిన్ మాటకు ఇది ముఖ్యమైన సవరణ: పాఠం ఇతరుల అనుభవం నుంచీ అందితే, ఎర చెల్లించే మూల్యం ఇంకా తగ్గుతుంది.