కాఫీ గింజ కింద ఎవరి నేల?

కాఫీ చరిత్ర అనగానే పుస్తకాలు ఇథియోపియా మేకల కాపరి కథ చెప్తాయి. కథ బాగుంటుంది. కానీ అందులో భూమి ఎవరిదన్న ప్రశ్న ఉండదు. మనం ఆ ప్రశ్నతోనే మొదలుపెడదాం మిత్రులారా.

మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్. మన పాత అనంతపురం జిల్లా కంటే కొంచెం పెద్ద దేశం. 19వ శతాబ్దంలో చాలాకాలం దాని ప్రధాన ఎగుమతి నీలిమందు. యూరప్‌లో రసాయన రంగులు రావడంతో ఆ గిరాకీ పోయింది. భూస్వాముల చూపు కాఫీ మీదికి మళ్లింది. కాఫీకి కావాల్సింది అగ్నిపర్వతాల వాలు నేల. అక్కడ చాలా నేల ఆదివాసీ ఊళ్ల ఉమ్మడి భూమి. పిపిల్ ప్రజలు మొక్కజొన్న, చిక్కుళ్లు పండించుకుని బతికే భూమి.

1881లో ఒక చట్టం, 1882లో ఇంకొకటి. ఉమ్మడి భూములు రద్దు! వ్యవసాయ అభివృద్ధికి అవి అడ్డమని సర్కారు చెప్పిన కారణం. ఈ మాట మనకూ కొత్త కాదు కదా. కొందరికి చిన్న ముక్కలు దక్కాయి, చాలామటుకు అవీ అప్పుల్లో జారిపోయాయి. నేల ఉన్నవాడు తన నేలమీదే కాఫీ ఏరే కూలీ అయ్యాడు. అక్కడి జనం 'పద్నాలుగు కుటుంబాలు' అని పిలుచుకునే గుప్పెడు ఇళ్ల చేతికి దేశం పోయింది.

1920ల చివరికి ఎగుమతి ఆదాయంలో పదింట తొమ్మిది వంతులు కాఫీదే. 1929లో ప్రపంచ మార్కెట్ కూలింది. కాఫీ ధర సగానికంటే కిందికి పడింది. తోటల యజమానులు కూలి కోశారు. ఏరిన కూలి కూడా రాదని కొన్ని తోటల్లో పండ్లు చెట్టుమీదే వదిలేశారు. ధర ఎక్కడో సముద్రాల అవతల పడింది. పొయ్యి మాత్రం కూలి ఇంట్లో ఆరింది. తినడానికి మొక్కజొన్న వేసుకుందామన్నా నేల లేదు.

1932 జనవరి 22 రాత్రి పశ్చిమ ప్రాంతంలో కూలీలు, ఆదివాసీలు కత్తులతో తిరగబడ్డారు. వాళ్ల చేతుల్లో చనిపోయినవాళ్లు వంద దాటరని చరిత్రకారుల అంచనా. జనరల్ మార్టినెజ్ సైన్యం కొన్ని వారాల్లో చంపింది 10,000 నుంచి 30,000 మందిని. ఆదివాసీ ముఖం, ఆదివాసీ బట్ట ఉంటే చాలు, నేరస్తుడే. ఇజాల్కో ఊరి పెద్ద ఫెలిసియానో ఆమాను ఉరితీశారు. దీన్ని అక్కడ 'లా మతాన్సా' అంటారు. అంటే ఊచకోత.

సాహిత్యం చదువుకున్నవాడిగా నన్ను వెంటాడేది ఆ తర్వాత జరిగింది. బతికినవాళ్లు తమ బట్ట మార్చుకున్నారు. పిల్లలతో తమ నహువాత్ భాష మాట్లాడటం మానేశారు. కులం తెలిసిపోతుందని ఊరి పేరు, ఇంటిపేరు దాచుకున్న మనవాళ్లకు ఆ భయం వివరించక్కర్లేదు. కాల్పుల్లో గాయపడి, చచ్చాడనుకుని వదిలేస్తే బతికిన చెప్పులు కుట్టే కార్మికుడు మిగెల్ మార్మోల్. అతని నోటి మాటను కవి రోకే దాల్తోన్ పుస్తకం చేశాడు కాబట్టే ఆ కథ లోకానికి ఇంత వివరంగా తెలిసింది.

ఇప్పుడు మన అరకు. అక్కడ కాఫీ పండించే ఆదివాసీ కాళ్లకింద నేల మిగలడంలో 1/70 చట్టం పాత్ర చాలా పెద్దది. ఆ చట్టాన్ని సడలించాలని ఎవరైనా అభివృద్ధి పేరు ఎత్తితే, 1881ని గుర్తు చేయండి. ధర పడితే మళ్లీ లేస్తుంది. పోయిన నేల తిరిగి రాదు.

జై భీమ్.