తీగకు తొడుగు, గొట్టమునకు కట్టు

యంత్రయుగ చరిత్రను చెప్పువారు సాధారణముగా ఆవిరియంత్రముతో మొదలుపెట్టి, తంతివార్తను, విద్యుద్దీపమును, విమానమును దాటి, అంతరిక్షనౌక వద్ద ఆగుదురు. ఆ యంత్రములకు విద్యుత్తును చేరవేయు తీగపై నున్న తొడుగును గాని, నీటిని, నూనెను, గాలిని మోయు గొట్టమును గాని, ఈ రెంటిని చెదరిపోకుండ పట్టి ఉంచు చిన్న కట్టును గాని తలచువారు అరుదు. పలు రేడియో పెట్టెలలో విద్యుత్తీగ లోనికి ప్రవేశించు రంధ్రమునకు ఒక చిన్న రబ్బరు కంకణ ముండును. అది లేనిచో రేకు అంచు తీగ తొడుగును దినదినము కొంచెముగా కోసివేయును. ఆపై జరుగునది పాఠకులు ఊహింపగలరు. ఇట్టి రక్షణసామగ్రికి మూడువందల యేండ్లకు మించిన చరిత్ర కలదు. అందు ఓడలును, అడవులును, మనుష్యుల ప్రాణములును చేరి ఉన్నవి. దానిని క్లుప్తముగా చెప్పుటయే మా ఉద్దేశము.

మొదట గొట్టమును గూర్చి చెప్పుదము. వంగుచు నీటిని మోయు తోలు గొట్టము మన రైతునకు క్రొత్తది కాదు. ఎద్దులతో కపిల తోలిన దినములలో, బావినుండి పైకి వచ్చిన బానకు తగిలించిన తోలుతొండము నుండియే నీరు కాలువలోనికి దుమికెడిది. అయితే ఆ గొట్టమును ఊరి రక్షణకు వినియోగించిన ఘనత హాలండు దేశపు చిత్రకారుడు యాన్ వాన్ డెర్ హైడెన్‌కు దక్కినది. ఆమ్‌స్టర్‌డాము నగరమున అంతకుముందు అగ్నిప్రమాదము కలిగినచో బొక్కెనలతో నీరు తెచ్చి తొట్టిలో పోసి, దానికి బిగించిన పంపుతో చిమ్మెడివారు. పంపు మూతి కదలదు; నీరు ఇంటి వెలుపలి గోడకే తగులును; లోపలి మంట లోపలనే ఉండును. 1672 ప్రాంతమున వాన్ డెర్ హైడెన్ తన సోదరుడు నికొలాసుతో కలిసి తోలును పొడవుగా కుట్టి గొట్టములు చేసి, 50 అడుగుల కొకటి చొప్పున ఇత్తడి మరలతో ఒకదాని కొకటి తగిలించెను. దానితో నీరు మెట్లెక్కి, గుమ్మము దాటి, మంట ఉన్న గదిలోనికి పోగలిగినది. పాత పద్ధతికిని క్రొత్త పద్ధతికిని గల భేదమును బొమ్మలతో చూపుచు ఆయన 1690లో ఒక గ్రంథమును కూడ ప్రకటించెను.

కాని కుట్టు బలహీనమైనది. పంపు గట్టిగా త్రోసినకొలది గొట్టము కుట్టు వెంబడి చిట్లెడిది. పందొమ్మిదవ శతాబ్ది తొలి దశకమున ఫిలడెల్ఫియా పనివారు కుట్టునకు బదులు లోహపు కీలలతో తోలు అంచులను బిగించిరి. 1839లో ఛార్లెస్ గుడ్‌ఇయర్ గంధకముతో కలిపి వేడిచేసిన రబ్బరు వేసవికి కరుగక, చలికి పెళుసు బారక ఉండునని కనుగొనెను. పిమ్మట లోపల రబ్బరు, వెలుపల గట్టిగా నేసిన నూలుబట్ట గల గొట్టములు వచ్చినవి. ఇందులో ఒక గొప్ప సూత్ర మున్నది. లోపలి పొర నీటిని బయటికి పోనీయదు. వెలుపలి పొర ఒత్తిడిని, నేల రాపిడిని తాను భరించును. ఒకే పొరచేత రెండు పనులు చేయింపబూనిన రెండును చెడును.

ఇదే పాఠమును తంతివార్తల వారు సముద్రమునుండి నేర్చుకొనవలసి వచ్చినది. ఆ ప్రయత్నములలో తొలినాటి దొకటి మన దేశముననే జరిగెను. 1839లో కలకత్తాలో విలియం ఒషానెస్సీ అను వైద్యుడు హుగ్లీ నదికి అడ్డముగా తీగను వేసి, దాని ద్వారా సంకేతములను పంపి చూచెను. నీటిలో విద్యుత్తు చెదరిపోకుండుటకు తీగకు చీల్చిన పేముతోను, తారు పట్టించిన నూలుతోను తొడుగు కల్పించిరి. చేతికి దొరికిన వస్తువులతో చేసిన ఆ తొడుగు నదికి చాలినది. సముద్రమునకు మాత్రము అంతకంటె మేలైనది కావలసియుండెను.

అది మలయా అడవులలో లభించినది. గట్టాపెర్చా అను చెట్టు పాలనుండి తీసిన పదార్థమును అచ్చటి ప్రజలు చిరకాలముగా కత్తుల పిడులకు వాడుచుండిరి. సింగపూరులో వైద్యుడుగా ఉండిన విలియం మాంట్‌గోమరీ 1843లో దాని మచ్చులను లండనుకు పంపెను. వేడినీటిలో వేసిన మైనమువలె మెత్తబడును; చల్లారిన గట్టిపడును; చల్లని సముద్రజలమున ఎన్నేండ్లున్నను చెడదు. విద్యుత్తును ఇది చక్కగా అడ్డగించునని 1848లో మైకేల్ ఫారడే ప్రకటించెను. జర్మనీలో వెర్నర్ సీమెన్స్ దానిని అతుకు లేకుండ తీగచుట్టును పోతపోయు యంత్రమును 1847లోనే సిద్ధము చేసెను.

1850 ఆగస్టులో బ్రెట్ సోదరులు ఇంగ్లండునుండి ఫ్రాన్సుకు సముద్రపు అడుగున తీగ వేసిరి. దానికి గట్టాపెర్చా తొడుగు తప్ప మరి యే కవచమును లేదు. తేలకుండ నుండుటకై సీసపు బరువులు మాత్రము కట్టిరి. కొన్ని సంకేతములు పోయెనో లేదో, తీగ తెగిపోయెను. మరుసటి సంవత్సరము మరల ప్రయత్నించిరి. ఈ మారు నాలుగు రాగితీగలకు వేరువేరుగా గట్టాపెర్చా తొడుగు వేసి, వానిని తారు పట్టించిన జనపనారతో చుట్టి, ఆపైన పది లావు ఇనుపతీగలను త్రాడువలె మెలివేసిరి. ఆ తీగ నిలిచినది. లోపలి తొడుగు విద్యుత్తును కాపాడును. వెలుపలి ఇనుము లోపలి తొడుగును కాపాడును. అగ్నిమాపక గొట్టమునకు పనికివచ్చిన సూత్రమే ఇచ్చటను పనికివచ్చినది.

అయినను సముద్రము మరియొక గుణపాఠము చెప్పెను. 1858 ఆగస్టులో అట్లాంటికు మహాసముద్రము అడుగున ఐర్లండునుండి న్యూఫౌండ్‌లాండుకు తీగ వేయబడెను. విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షునకు పంపిన 98 మాటల సందేశము చేరుటకు దాదాపు 16 గంటలు పట్టినది. అయినను రెండు ఖండములలోను ఉత్సవములు జరిగినవి. మూడు వారములు గడిచినవో లేదో, తీగ మూగవోయెను. సంకేతము బలహీనముగా నున్నదని, వైల్డ్‌మన్ వైట్‌హౌస్ అను అధికారి దానిలోనికి దాదాపు 2,000 వోల్టుల ఒత్తిడితో విద్యుత్తును పంపెను. తొందరలో తయారైన తొడుగు అప్పటికే లోపములు కలది; ఆ దెబ్బకు పూర్తిగా చెడిపోయెను. పిమ్మట జరిగిన విచారణ ఫలితముగా తీగల తయారీకిని, పరీక్షకును నియమములు ఏర్పడినవి. 1858 నాటి తీగలో ఒక్కొక్క నావికమైలుకు 107 పౌనుల రాగి, 261 పౌనుల గట్టాపెర్చా ఉండగా, 1865 నాటి తీగలో 300 పౌనుల రాగి, 400 పౌనుల గట్టాపెర్చా ఉంచిరి. ఆ 1865 తీగ వేయుచుండగనే తెగినది. 1866లో గ్రేట్ ఈస్టర్న్ అను మహానౌక క్రొత్త తీగను వేయుటయే గాక, తెగిన తీగ కొనను సముద్రగర్భమునుండి గాలముతో పైకి లాగి, అతికి పూర్తిచేసెను.

ఈ విజయము మన దేశమునకును ప్రసరించినది. 1864లో పర్షియా సింధుశాఖ అడుగున తీగ పడెను. 1870లో బొంబాయి, ఏడెను, సూయజు మార్గమున లండనుతో సంబంధ మేర్పడెను. 1871లో మదరాసునుండి పెనాంగు మీదుగా సింగపూరుకు తీగ పోయెను. కోస్తా తెలుగు జిల్లాలు నాడు మదరాసు రాజధానిలోనివే. ఆ జిల్లాలనుండి మలయా తోటలకు కూలికి పోయినవారి క్షేమసమాచారము ఓడలోని ఉత్తరముకొరకు వారముల తరబడి కనిపెట్టుకొని యుండగా, వర్తకుని ధరవరలు మాత్రము ఆ తీగపై క్షణములలో నడచెను. వెచ్చని సముద్రములలో మరియొక శత్రువు ఎదురయ్యెను. ఓడల కొయ్యను తొలుచు సముద్రపు పురుగులు గట్టాపెర్చాను కూడ తొలిచినవి. దానికి ప్రతిగా తొడుగుపై పలుచని ఇత్తడి పట్టీని చుట్టిరి.

ఈ రక్షణకు మూల్యము చెల్లించినది మాత్రము అడవి. ఆ చెట్టును గాటుపెట్టి పాలు తీయుట లాభసాటి కాదని, నరికి పడవేసి, మానుచుట్టును గాట్లు పెట్టి పాలు పిండెడివారు. ముప్పది, నలుబది యేండ్లు పెరిగిన మాను ఇచ్చెడి పదార్థము మిక్కిలి స్వల్పము. వేలమైళ్ల తీగకు ఎన్ని చెట్లు కావలెనో చెప్ప నక్కరలేదు. శతాబ్ది ముగియులోగా సులభముగా చేరదగిన అడవులలో పెద్ద చెట్లు కరవైనవి. జావాలోని చిపెటిర్ వద్ద 1885లో డచ్చివారు ఆకులనుండియే పదార్థమును తీయు తోటలను నాటిరి. తుదకు 1933లో ఇంగ్లండులోని రసాయనశాలలో పాలిథిలీను అనుకోకుండ దొరకుటతో ఈ కొరత తీరినది. 1956లో అట్లాంటికు అడుగున వేసిన తొలి టెలిఫోను తీగకు ఆ తొడుగునే వేసిరి.

తొడుగు కుదిరిన పిమ్మట కట్టు సమస్య మిగిలినది. ఒక తీగను ఎట్లయినను ఉంచవచ్చును. వేయి తీగలున్నచోట అవి ఒకదానితో నొకటి రాచుకొనును, వ్రేలాడును, కదలు భాగములలో చిక్కుకొనును. ఏది యెక్కడికి పోవుచున్నదో తెలియక బాగుచేయువాడు తికమకపడును. టెలిఫోను కేంద్రములలో మైనము రుద్దిన నారదారముతో తీగలను వరుసగా పేర్చి, జానెడు దూరమునకు లోపుగనే ముడి వేయుచు పోయెడివారు. జడ అల్లినంత అందముగా నుండు ఆ పని నేర్చుటకు ఓర్పు కావలెను. విమానములలోను ఇదే పద్ధతి. 1956లో అమెరికాలో బోయింగు విమానశాలను చూడబోయిన మారస్ లోగన్ అను ఉద్యోగి అచ్చటి పనివారి వ్రేళ్లు ఆ దారము బిగింపులకు కోసుకొనిపోయి, కాయలు కాచి యుండుట గమనించెను. ఆయన థామస్ అండ్ బెట్స్ అను సంస్థలో పనిచేయువాడు. రెండేండ్లు శ్రమించి, 1958లో ఒక చిన్న పట్టీకి పేటెంటు కోరెను. పట్టీ కొన దాని తలలోని రంధ్రములో దూరును. లోపలి పన్ను దానిని ముందుకు పోనిచ్చును గాని వెనుకకు రానీయదు. ముడి అక్కరలేదు, వ్రేళ్లు తెగవు. విమానములకై పుట్టిన ఆ నైలాను పట్టీ నేడు మన వీధి విద్యుత్పనివాని సంచిలో కూడ ఉండును.

అయితే పట్టీకిని మితమున్నది. అతిగా బిగించిన తొడుగు నలిగిపోవును; ఎండలో నుంచిన సాధారణ నైలాను పెళుసగును. అందుకే ఆరుబయట వాడుటకు మసి కలిపిన నల్లపట్టీలు చేయుదురు. అంతరిక్షనౌకలలో నేటికిని పలుచోట్ల దారపు కట్టునే వాడుచుండుట గమనింపదగినది. క్రొత్తది వచ్చినంతమాత్రమున పాతది వ్యర్థము కాలేదు.

ఇవి చిన్న విషయములని తోచునేమో. 1967 జనవరి 27న అపోలో నౌక నేలపై పరీక్షలో నుండగనే మంటలు లేచి ముగ్గురు వ్యోమగాములు మరణించిరి. విచారణ సంఘము కారణములుగా ఎంచినవానిలో రక్షణ చాలని తీగలు ముఖ్యమైనవి. పిదప నిర్మించిన నౌకలలో తీగల కట్టలపై గట్టి కవచములు అమర్చిరి. 1998 సెప్టెంబరు 2న స్విస్ఎయిర్ విమానము కెనడా తీరమున కూలి 229 మంది మరణించిరి. తీగలో పుట్టిన నిప్పురవ్వ, చెంతనున్న వేడిని ఆపు తొడుగునకు అంటుకొనియుండునని విచారణలో తేలినది. కాపాడవలసిన కప్పుడే కాలునదైనచో కాపాడున దేమున్నది?

ఈ చరిత్రనుండి గృహస్థునకు తెలియవలసినది స్వల్పమే. వంటగ్యాసు పొయ్యికి అమర్చు మేలురకపు రబ్బరు గొట్టము పొరల నడుమ ఉక్కుతీగ అల్లిక యుండును. ఇది 1851 నాటి సముద్రపు తీగలోని సూత్రమే. ఆ గొట్టముపై వాడుక గడువు ముద్రించియుందురు. ఐదేండ్లకు మార్చవలెనని చెప్పుదురు. చాపక్రింద నలిగిన తీగ, తలుపుసందున చిక్కిన తీగ, మేకు కొట్టి వంచి బిగించిన తీగ, వీనిలో ఏది మన యింట నున్నను దానిని సరిచేయుటకు పట్టు కాలము తక్కువ, తగులు వ్యయము అంతకంటె తక్కువ. తొడుగు పగిలిన తీగపై మరియొక తొడుగు చుట్టి కాలక్షేపము చేయుటకంటె తీగనే మార్చుట మేలు. అట్లాంటికు తీగ విషయమున లోపమును దాచి నడిపింపబూనినవారికి మిగిలినది మూడు వారముల ఉత్సవము మాత్రమే.