గోడకెక్కిన బాణాలు: డార్ట్స్ ఆట చరిత్ర

ఇంట్లో గోడకు తగిలించి ఆడుకొనే ఆటలలో డార్ట్స్‌కు ఉన్నంత చరిత్ర మరొకదానికి ఉన్నట్లు నాకు తోచదు. పిల్లలకు కానుకగా వచ్చే ఆ గుండ్రని బోర్డును మీరు చూసే ఉంటారు. చాలా ఇళ్లలో దానిని తలుపు వెనుక మేకుకు తగిలిస్తారు. అక్కడ ఎందుకు తగిలించరాదో ఈ ఆట చరిత్రే చెబుతుంది.

ఇంగ్లండులోని పబ్‌లలో ఈ ఆట పెరిగింది. తొలినాటి బోర్డులు అడ్డంగా కోసిన చెట్టు మొద్దులే. ముఖ్యంగా ఎల్మ్ కలప. కలప ఎండితే పగులుతుంది, ములుకు దిగదు. అందువల్ల రాత్రివేళ బోర్డును నీటిలో నానబెట్టేవారు. తడిసిన కలప ఉబ్బి, పగటి ఆటలో పడిన రంధ్రాలు కొంతవరకు పూడుకొనేవి. నాటి డార్ట్ ఒక చెక్క కాడ; బరువుకై దానికి సీసపు పట్టీ, వెనుక పక్షి ఈకలు. ఆ సీసాన్ని వేళ్లతో పట్టుకొని, అదే చేత్తో చిరుతిండి తినేవారని తలచుకుంటే వైద్యునిగా నాకు మనసు చివుక్కుమంటుంది. ఇత్తడి డార్ట్‌ల తరువాత 1970లలో టంగ్‌స్టన్ వచ్చి, అదే బరువును సన్నని కాడలో ఇమిడ్చింది.

బోర్డుపై అంకెల అమరికను గమనించండి. శిఖరాన 20, దానికి ఒకవైపు 1, మరొకవైపు 5. 19కి ఇరుప్రక్కల 3, 7. గురి రవ్వంత తప్పినా శిక్ష పడేలా కూర్చిన అమరిక ఇది. అదృష్టంపై ఆధారపడిన జూదాన్ని పబ్‌లలో చట్టం అనుమతించని రోజులలో, 1908లో లీడ్స్ నగర న్యాయస్థానంలో ఒక ఆటగాడు 20 గడిలోనే వరుసగా డార్ట్‌లు నాటి, ఇది నైపుణ్యమేనని నిరూపించాడని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ ఎట్లున్నా, ఆ అంకెలను చూసినవారికి వాదన అర్థమవుతుంది.

1930లలో నోడార్ అనే సంస్థ బోర్డు స్వరూపాన్నే మార్చివేసింది. అంతకుముందు ఆ సంస్థ మెత్తని మట్టివంటి పదార్థంతో బోర్డులు చేసేది. ఆంగ్లంలో ‘వాసన లేనిది’ అనే మాటలనుండే దాని పేరు పుట్టింది! కొత్త బోర్డుకు ఎంచుకున్నది సైసల్ నార. మన పొలాల గట్లపై కంచెగా పెరిగే కిత్తనార జాతి మొక్కదే ఆ నార; మన పల్లెలలో ఇటువంటి నారతో పలుపులు పేనేవారు. నారను చిన్న కట్టలుగా చేసి, కొనలు ఆటగానివైపు ఉండేటట్లు నిలిపి, గట్టిగా అదిమి, చుట్టూ లోహపు పట్టీతో బిగించారు. ములుకు పోగులను తెంపక, వాటి నడుమ చొచ్చుకొనిపోతుంది. లాగివేయగానే పోగులు దగ్గరకు చేరుతాయి. ఇక నానబెట్టే పని లేదు. బోర్డు పొడిగా, శుభ్రంగా ఇంటి గోడపైకి చేరింది.

రెండవ ప్రపంచయుద్ధంలో బందీ శిబిరాలలోని సైనికులకు పంపిన వస్తువులలో డార్ట్ బోర్డులూ ఉండేవి. నాలుగు గోడల నడుమ చిక్కిన మనిషికి నిలబడి, చేయి కదిపి, లెక్క కట్టే పని ఎంత అవసరమో మీరే ఊహించండి. 501 నుండి తీసివేసుకుంటూ సున్నాకు చేరాలి. చివరి డార్ట్ రెట్టింపు గడిలోనే పడాలి. వృద్ధుల మనోగణితానికి ఇంతకంటె ఇంపైన అభ్యాసం అరుదు.

అదే డార్ట్ గోడను విడిచి పచ్చికపైకి వెళ్లినప్పుడు ఏమైందో చూడండి. అమెరికాలో బరువైన లోహపు ములుకులున్న పెద్ద డార్ట్‌లను పెరటిలో పైకి విసిరి, నేలమీది వలయంలో పడేటట్లు ఆడేవారు. ఎనిమిదేళ్లలో సుమారు 6,100 మంది గాయాలతో ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు చేరారు. వారిలో 81 శాతం 15 ఏళ్లు, అంతకు లోపువారే. పిల్లల ప్రాణాలూ పోయాయి. హెచ్చరిక చీటీలు ఫలించక, 1988 డిసెంబరులో వాటి అమ్మకాన్ని అక్కడ పూర్తిగా నిషేధించారు. గోడమీది ఆటకు రక్షణ ఆ గోడే: బాణం పోయే దిక్కు ఒక్కటే, మనుషులు నిలిచే చోటు ఒక్కటే.

కనుక తలుపు వెనుక బోర్డు వద్దు. అటునుండి ఎవరైనా తలుపు తీస్తే ఆ రక్షణ అక్కడే ముగుస్తుంది. మనుషులు తిరగని గోడను ఎంచుకోండి. కేంద్రబిందువు నేలనుండి 1.73 మీటర్ల ఎత్తున, విసిరే గీత బోర్డు ముఖానికి 2.37 మీటర్ల దూరాన ఉండాలి. తీగకు తగిలిన డార్ట్ వెనక్కు ఎగరగలదు, దగ్గర నిలబడనీయకండి. ములుకు కంటిలో గుచ్చుకుంటే లాగవద్దు, కడగవద్దు, నలపవద్దు. కంటిపై ఒత్తిడి పడకుండా గిన్నెవంటిది అడ్డుపెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకొనివెళ్లండి.

పసివారికి ములుకు బదులు అయస్కాంతపు బోర్డు కొంటున్నారా? కొనకు అతికించిన బిళ్ల ఊడుతుందేమో తరచు లాగి చూడండి. రెండు అయస్కాంతాలను మింగితే, పేగు మడతల నడుమ అవి ఒకదానినొకటి ఆకర్షించుకొని, మధ్యనున్న పేగు గోడను నలిపి రంధ్రం చేయగలవు. తొలి గంటలలో బిడ్డ ఆడుకుంటూనే ఉండవచ్చు. ఎక్స్‌రేలో రెండు బిళ్లలు అతుక్కొని ఒకటిగా కనిపించవచ్చు గనుక, ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మిగిలిన డార్ట్‌లను కూడా తీసుకొనివెళ్లి, ఎన్ని బిళ్లలు తక్కువైనాయో వైద్యునికి చూపండి.