పలక కాగేదాకా

పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతరకు పోతే నేను మొదట వెతికేది మంటను. పలకలు, అంటే డప్పులు, వాయించేవాళ్ళు ఏదో ఒక వీధి మలుపులో ఇంత ఎండుగడ్డి, రెండు కొబ్బరి మట్టలు వేసి మంట పెడతారు. చుట్టూ నిలబడి పలకలను సెగకు చూపిస్తారు. రాత్రి చల్లగాలికి తోలు మెత్తబడి ఉంటుంది. అప్పుడు కొడితే తడిసిన గోనెపట్టను కొట్టినట్టు మోగుతుంది. సెగ తగిలేకొద్దీ తేమ పోయి తోలు బిగుస్తుంది. మధ్యమధ్యలో వేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకుంటారు. ఇంకా కాలేదని మళ్ళీ మంట వైపు తిప్పుతారు. తోలు కమిలిపోకుండా, మోత మాత్రం పదునెక్కేలా ఎంతసేపు కాపాలో చేతికే తెలుసు. కాగిందనుకున్నాక ఒక చేత్తో సన్న పుల్ల, రెండో చేత్తో పొట్టి కర్ర పట్టి ఒక్క దెబ్బ వేస్తారు. వీధి చివర నిలబడినవాడు కూడా తిరిగి చూస్తాడు.

అదే వీధిలో పది గజాల అవతల డీజే ఉంటుంది. మా వైపు డీజే అంటే మనిషి కాదు. వ్యాను మీద పేర్చిన బాక్సులు, జనరేటరు, రంగు లైట్లు, వీటన్నిటినీ కలిపి డీజే అంటాం. "పెళ్ళికి డీజే పెట్టినారా?" అని అడుగుతాం. దాని దగ్గర నిలబడితే పాట చెవికంటే ముందు రొమ్ముకు తగులుతుంది. పలకకు, ఆ బాక్సుకు పడదని, ఒకటి వస్తే రెండోది పోవాల్సిందేనని ఊళ్ళో చాలామంది అనుకుంటారు. పని తగ్గిపోయిన పలక కళాకారులను చూస్తే ఆ మాట తప్పనలేం. కానీ ఆ బాక్సులో మోగే సంగీతం ఎలా పుట్టిందో తెలుసుకున్నకొద్దీ ఈ రెండూ దగ్గరి చుట్టాలని నాకు గట్టిగా అనిపించింది.

ఆ కథ 1973 ఆగస్టు 11న న్యూయార్క్ నగరంలో, బ్రాంక్స్ ప్రాంతంలో మొదలవుతుంది. సెడ్జ్‌విక్ అవెన్యూలో 1520 నంబరు అపార్టుమెంటు. బడులు తెరిచే ముందు కొత్త బట్టలు కొనుక్కోవడానికి డబ్బులు కావాలని సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి కింది హాల్లో పార్టీ పెట్టింది. టికెట్టు ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50. పాటలు వేసే పని వాళ్ళ అన్న క్లైవ్‌ది. అతనికి అప్పుడు 18 ఏళ్ళు, జమైకాలోని కింగ్‌స్టన్ నుంచి వచ్చిన కుటుంబం. లోకం అతన్ని కూల్ హెర్క్ అని పిలుస్తుంది.

హెర్క్ ఒక సంగతి గమనించాడు. పాట మొత్తానికీ జనం ఆడరు. గొంతు ఆగి, బాకాలు ఆగి, వట్టి డ్రమ్ములు మోగే కొద్ది సెకన్ల ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని బ్రేక్ అంటారు. కుర్రాళ్ళు అంతసేపూ గోడకానుకుని ఆ ముక్క కోసమే కాచుకుని, అది రాగానే నేల మీదికి దూకేవాళ్ళు. అది కాస్తా అయిపోయేది. హెర్క్ ఒకే రికార్డును రెండు కొని రెండు టర్న్‌టేబుళ్ళ మీద పెట్టాడు. ఒకదాని మీద బ్రేక్ ముగిసేలోపల రెండోదాని మీద అదే బ్రేక్ మొదలుపెట్టేవాడు. ఇది ముగిసేలోపల దాన్ని వెనక్కి తిప్పేవాడు. సెకన్లు నిమిషాలయ్యాయి. ఆ బ్రేకులకు ఆడినవాళ్ళే బ్రేక్ డాన్సర్లు. ఆ దరువు పైన మైకులో పేర్లు పిలుస్తూ, ఉత్సాహపరుస్తూ అన్న మాటల నుంచే ర్యాప్ పెరిగింది.

మన జాతరలో జరిగేదీ ఇదే కదా? పలక గుంపు దరువు పట్టాక దాన్ని ఎవరు ఆపమంటారు? సిగమూగే మనిషి నిలదొక్కుకునేదాకా అదే దరువు తిప్పి తిప్పి కొడతారు. కొట్టే మనుషులు పక్కన లేనివాడికి ఆ పని చేసిపెట్టింది హెర్క్ రెండు రికార్డులు.

అతని తర్వాత గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ వచ్చాడు. బడిలో ఎలక్ట్రానిక్స్ నేర్చుకున్న కుర్రాడు. హెర్క్ సూదిని అందాజుగా పెట్టేవాడు, అప్పుడప్పుడు దరువు తడబడేది. ఫ్లాష్ రికార్డు మీద క్రేయానుతో గుర్తు గీసుకుని, గుర్తు ఎన్ని చుట్లు వెనక్కి పోవాలో లెక్కపెట్టాడు. రెండో రికార్డును ముందు తనొక్కడే హెడ్‌ఫోనులో విని ఆ తర్వాత జనానికి వదిలాడు. ఇవాళ మదనపల్లెలో ఒక కుర్రాడు లాప్‌టాప్‌లో రెండు పాటలు కలిపేటప్పుడు హెడ్‌ఫోను ఒక చెవికే ఆనించుకుంటాడు చూడండి, ఫ్లాష్ చేసిందీ అదే.

ఇక రొమ్ముకు తగిలే ఆ మోత. అది జపాన్‌లో పుట్టింది. ఇకుతారో కకెహాషి 1972లో ఒసాకాలో రోలాండ్ కంపెనీ పెట్టాడు. 1980లో ఆ కంపెనీ టీఆర్-808 అనే డ్రమ్ మెషీన్ తెచ్చింది. డ్రమ్మర్‌ను పిలిచే స్తోమత లేనివాళ్ళు పాట కట్టుకునేటప్పుడు తోడుగా మోగేందుకు చేసిన పెట్టె అది. ముందు వైపు వరుసగా 16 బటన్లు: నాలుగు ఎరుపు, నాలుగు నారింజ, నాలుగు పసుపు, నాలుగు తెలుపు. ఏ బటను నొక్కి వెలిగిస్తే ఆ చోట దెబ్బ పడుతుంది. పదహారూ అయ్యాక మళ్ళీ మొదటికి. నాలుగు నాలుగ్గా లెక్కపెట్టడం చిన్నప్పటి నుంచి చేతివేళ్ళ మీద నేర్చిన మనకు దాన్ని చూడగానే తాళంలోని చతురశ్ర గతి గుర్తొస్తుంది.

అదే ఏడాది అమెరికాలో వచ్చిన లిన్ ఎల్ఎం-1 నిజమైన డ్రమ్ముల ధ్వనిని చిప్పులో దాచుకుని వినిపించేది. ధర దాదాపు 5,000 డాలర్లు. 808 ధర 1,195. కానీ దాంట్లో నిజం డ్రమ్ము ఒక్కటీ లేదు. అన్నీ సర్క్యూట్లు పుట్టించిన ధ్వనులే. పైగా కకెహాషి కావాలని లోపమున్న ట్రాన్సిస్టర్లు కొన్నాడు. పరీక్షలో తప్పి పక్కన పడేసినవి అవి. వాటిలో పుట్టే ఒకరకమైన చురచుర శబ్దం అతనికి నచ్చింది. మంచి ట్రాన్సిస్టరు పెడితే ఆ శబ్దం పోతుంది. ఇది డ్రమ్ములా లేదని చాలామంది పెదవి విరిచారు. ఆ తర్వాత ట్రాన్సిస్టర్లు తయారుచేసేవాళ్ళు పని మెరుగుపరుచుకున్నారు, లోపమున్నవి దొరకడం మానేశాయి. 1983లో 808 ఆగిపోయింది. మొత్తం అమ్మినవి 12,000 దాకా.

ఆగిపోయాకే అది నిజంగా మొదలైంది. సెకండ్‌హ్యాండ్ కొట్లలో చవగ్గా దొరికేసరికి డబ్బులేని కుర్రాళ్ళు కొనుక్కెళ్ళారు. అంతకు ముందే, 1982లో, ఆఫ్రికా బంబాటా బృందం చేసిన 'ప్లానెట్ రాక్' దాని సత్తా చూపించింది. జర్మనీ బృందం క్రాఫ్ట్‌వెర్క్ స్వరానికి బ్రాంక్స్ మాటను కలిపి, కింద 808 మోగించిన పాట అది. హెర్క్ పార్టీల నుంచి పెరిగిన హిప్‌హాప్, ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతం ఒక్క కడుపున పుట్టాయనడానికి నేను చూపించే సాక్ష్యం ఆ రికార్డే. 808లో కిక్ డ్రమ్ముకు డికే అని ఒక తిప్పే మీట ఉంది. దాన్ని చివరిదాకా తిప్పితే దెబ్బ పడి ఆగదు, దాదాపు 50 హెర్ట్జ్ దగ్గర గుమ్మటంలో మోగినట్టు చాలాసేపు సాగుతుంది. జాతరలో పెద్ద బాక్సు ముందు చొక్కా గుండీలు అదిరేది దాని సంతానానికే. కాబట్టి చెబుతున్నాను, ఈ సంగీతాన్ని ఫోను స్పీకర్లో వినకండి. అంత కింది ధ్వనిని ఆ చిన్న స్పీకరు పలకలేదు. వినేది సగం పాటే అవుతుంది.

దెబ్బలనో స్వరాలనో గుర్తుపెట్టుకుని తిరిగి వాయించే ఇలాంటి పెట్టెను సీక్వెన్సరు అంటారు. ఆ పనికి మదనపల్లెలో ఒక పాత ముచ్చట తగులుతుంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ బీసెంట్ థియోసాఫికల్ కాలేజీకి వచ్చి, ప్రిన్సిపల్ జేమ్స్ కజిన్స్ అతిథిగా ఉన్నాడు. విద్యార్థుల ముందు జనగణమన పాడాడు. దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే. జేమ్స్ భార్య మార్గరెట్ కజిన్స్‌కు పాశ్చాత్య సంగీతం తెలుసు. ఆ పాట స్వరాలను ఆమె కాగితం మీద రాసింది. గాల్లో పోయే గొంతును గుర్తులుగా పట్టి, ఆ గొంతు ఎన్నడూ వినని మనిషి చేత మళ్ళీ పాడించగలగడం అది. సీక్వెన్సరు చేసే పని కూడా ఇదే, కాకపోతే కాగితం చదివే మనిషి అవసరం లేదు.

కాగితానికి లొంగనిది మన గమకం. విచిత్రంగా, దాని దగ్గరదాకా వచ్చిన యంత్రం ఒకటుంది. రోలాండ్‌లోనే తదావో కికుమోతో చేసిన టీబీ-303. ఒంటరిగా సాధన చేసే గిటారు వాద్యకారులకు బేస్ గిటారు తోడు కోసం తెచ్చారు. బేస్ గిటారులా అసలు వినిపించలేదు, 1984కి ఆపేశారు. కానీ దాంట్లో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి తెగకుండా జారే సదుపాయం ఉంది. మన చెవి దాన్ని జారు అంటుంది.

బొంబాయి సినిమా స్టూడియోలలో గిటారు, కీబోర్డు వాయించే చరణ్‌జిత్ సింగ్ దాన్ని పట్టాడు. 1982లో 808, 303, జూపిటర్-8 సింథసైజరు, ఈ మూడింటినీ తీగలతో కలిపి డిస్కో దరువు మీద పది రాగాలు వాయించాడు. హెచ్ఎంవీ రికార్డుగా వచ్చింది. దాంట్లో మాల్కౌంస్ మన హిందోళం, భూపాలీ మన మోహనం, యమన్ మన కల్యాణి. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. ఐదేళ్ళకు, 1987లో, షికాగోలో ఫ్యూచర్ అనే బృందం అదే 303 మీటలు తిప్పుతూ చేసిన 'యాసిడ్ ట్రాక్స్' విడుదలైంది. అంతకు ముందే రాన్ హార్డీ అనే డీజే తన క్లబ్బులో దాన్ని మొదటిసారి వేస్తే జనం నేల ఖాళీచేసి పోయారు. ఆ రాత్రే మళ్ళీ మళ్ళీ వేశాడు. నాలుగోసారికి ఊగిపోయారు. యాసిడ్ హౌస్ అనే డాన్సు సంగీతం అక్కడి నుంచే. చరణ్‌జిత్ సింగ్ రికార్డు 2010లో నెదర్లాండ్స్ రికార్డుల సేకర్త ఎడో బౌమన్ చేతుల మీదుగా తిరిగి వచ్చినప్పుడు, షికాగో కంటే ముందే ఈ మోత బొంబాయిలో మోగిందా అని లోకం తెల్లబోయింది. షికాగోవాళ్ళు దాన్ని విని నేర్చుకోలేదు, వాళ్ళ దారి వాళ్ళది. రాగం తెలిసిన చెవి, డాన్సు తెలిసిన చెవి వేర్వేరుగా ఒకే చోటికి చేరాయి. ఈ వరుసలో నన్ను అన్నిటికంటే కదిలించేది ఇదే. హిందోళం వినండి ముందు.

మనకు ఇవన్నీ సినిమా దారిలో వచ్చాయి. ఇళయరాజా 1986లో చేసిన 'పున్నగై మన్నన్', తెలుగులో 'డాన్స్ మాస్టర్', కంప్యూటరు సీక్వెన్సరు మోతను మన ఊళ్ళకు తెచ్చింది. 1994లో రెహమాన్ 'కాదలన్', తెలుగులో 'ప్రేమికుడు', ర్యాపును తెచ్చింది. కుప్పంలో దాని రుచి వేరు. ఒక పక్క తమిళనాడు, ఒక పక్క కర్ణాటక. జోలార్‌పేట నుంచి బెంగళూరు పోయే రైలు ఎక్కితే ఒక పెట్టెలోనే మూడు భాషలు వినిపిస్తాయి. అక్కడి చెవికి ఆ సినిమాలోని 'పేట ర్యాప్' తమిళంలోనే తెలుసు. మాట పూర్తిగా అర్థం కాకపోయినా దరువు మీద మాట ఎలా కూర్చుందో పట్టేసే చెవి అది. హిప్‌హాప్‌కు కావలసింది అలాంటి చెవే.

ఈమధ్య వచ్చినవాటిలో నేను వదలకుండా వింటున్నవి కొన్ని. 2024 జూలైలో వచ్చిన 'బిగ్ డాగ్స్'. మాట ర్యాపర్ హనుమాన్‌కైండ్‌ది, సంగీతం హైదరాబాద్ నిర్మాత కల్మిది. వీడియో మొత్తం బావి గోడల మీద మోటారుసైకిళ్ళు తిప్పే ఆటలో తీశారు. మన జాతర్లలో టికెట్టు కొని చూసే ఆ ఆటే. దాంట్లో బేస్ 808 మనవడు, కానీ ఎవరికీ లొంగినట్టుండదు. 2025 మార్చిలో వాళ్ళే 'రన్ ఇట్ అప్' తెచ్చారు. దాని కింద కేరళ వాద్యం చెండ మోగుతుంది. ఆ ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలో కోచెల్లా సంగీతోత్సవ వేదిక మీద హనుమాన్‌కైండ్ చెండ కళాకారులను పక్కన నిలబెట్టుకునే పాడాడు. కాలిఫోర్నియాలోనే తెలుగు ఇంట పుట్టి, కూచిపూడి నేర్చిన రాజకుమారి, అసలు పేరు శ్వేతా యల్లాప్రగడ రావు, ర్యాపర్ డివైన్‌తో చేసిన 'సిటీ స్లమ్స్' 2017 నాటిది. అయినా కొత్తవాటి పక్కన వినండి, జతులు పలికిన నాలుక తెలుస్తుంది. రామ్ మిరియాల 'డీజే టిల్లు' పాట 2022లో ప్రతి పెళ్ళిలో మోగింది. ఎంత విన్నా దాంట్లో హైదరాబాద్ వీధి ఆడుతూనే ఉంటుంది.

చెండ అలాంటి వేదిక ఎక్కింది. మా పలక ఇంకా ఎక్కలేదు. సినిమాల్లో జాతర పాటలు వస్తున్నాయి, కానీ నేనడిగేది వేరు. మంట దగ్గర తట్టి చూసినప్పటి ఆ మెత్తటి మోత, కాగాక వచ్చే పదునైన మోత, మధ్యలో మారుతున్న ఆ నాలుగైదు నిమిషాలు. ఇంత మార్పును ఒక మీట తిప్పి తెచ్చుకోవడానికి సింథసైజర్లు చేసేవాళ్ళు ఏళ్ళు పనిచేశారు.

మొన్న జాతరలో ఒక పెద్దాయన పలక కాపుకుంటూ వ్యాను మీది కుర్రాడి వైపు చెయ్యి ఊపాడు.

"అబ్బోడా, కొంచేపు ఆపరా. పలక కాగింది."

"సరే మామా" అని వాడు మీట తగ్గించాడు. పెద్దాయన పక్కనున్న నలుగురూ దరువు అందుకున్నారు. కుర్రాడు వ్యాను దిగి వచ్చి, ఫోను తీసి, వెలుతురు సరిపోని వీడియో వద్దనుకున్నాడేమో, రికార్డరు నొక్కి పలకకు మూరెడు దూరంలో పట్టుకున్నాడు. దరువు ముగిసేదాకా చెయ్యి దించలేదు.