క్రీటు ద్వీపపు కొండదారులు

మధ్యధరా సముద్రమున, గ్రీసు దేశపు ప్రధాన భూభాగమునకు దక్షిణముగ, తూర్పు పడమరలుగ సాగియున్న దీర్ఘ ద్వీపము క్రీటు. దాని పొడవు సుమారు 260 కిలోమీటర్లు. వేసవి నెలలలో అక్కడ వాన కురియుట అరుదు. అందువలన ఏటేటను ఆ కాలమున పలు దేశముల యువతీయువకులు వీపున సంచి తగిలించుకొని ఈ ద్వీపపు కొండదారులలో కాలినడకను విహరించుటకు వత్తురు. కాని ఆ దారులు విహారమునకై ఏర్పడినవి కావు. బ్రతుకుతెరువు కొరకు, ప్రాణరక్షణ కొరకు, స్వాతంత్ర్యము కొరకు నడచినవారి పాదములు వానిని తీర్చినవి. ఆ చరిత్రను మనమిచ్చట కొంత స్మరింతము.

ఈ దారులలో మిక్కిలి ప్రసిద్ధమైనది సమరియా లోయ. ద్వీపమునకు పడమటనున్న శ్వేతపర్వతములలో, 1,200 మీటర్లకు పైబడిన ఎత్తున ఇది మొదలగును. మొదటి దిగుడునకు క్సిలోస్కాలో యని పేరు. కొయ్యనిచ్చెన యని దాని యర్థము. అక్కడినుండి ఏటిరాళ్ళ మీదుగ సుమారు 16 కిలోమీటర్లు నడచినచో దక్షిణ తీరమున అయా రుమేలి యను పల్లె చేరుదుము. త్రోవలో ఒకచోట కొండగోడలు ఇరుప్రక్కల 300 మీటర్ల ఎత్తు లేచి, వాని నడిమి ఎడము నాలుగు మీటర్లకు కుదించుకొనిపోవును. శీతకాలమున వరదనీరు ఈ యిరుకున పొరలును గనుక, ఇంచుమించు మే మొదలు అక్టోబరు వరకే బాటసారులను పోనిత్తురు.

బాటసారులకు వింతగొలుపు ఈ యిరుకే అక్కడి జనులకు కోట యయ్యెను. 1669లో కాండియా నగరము వెనిసువారి చేజారిన పిమ్మట ద్వీపము తురుష్కుల పాలనలోనికి పోయెను. దక్షిణమున స్ఫాకియా కొండసీమవారు మాత్రము పూర్తిగ తలవంచలేదు. 1770లో దాస్కలోయానిస్ అను నౌకల యజమాని వారిని కూడగట్టి తిరుగుబాటు లేవదీసెను. రష్యానుండి రాగలదనుకొన్న సాయము రాలేదు. ఆ సంక్షోభమున స్త్రీలును, పిల్లలును సమరియా లోయలో తలదాచుకొనిరి. నాయకుడు మాత్రము 1771లో ఘోరముగ వధింపబడెను. తిరుగుబాటు వెంట తిరుగుబాటు సాగి, 1898లో స్వపరిపాలన లభించి, 1913లో క్రీటు గ్రీసున విలీనమయ్యెను.

ఇరువదియెనిమిదేండ్లకే మరల ఆపద వచ్చెను. 1941 మే 20న జర్మను సైనికులు పారాచూట్లతో ఆకాశమునుండి దిగిరి. గ్రీకు రాజు రెండవ జార్జి శ్వేతపర్వతములను కాలినడకను దాటి, అయా రుమేలి వద్ద నౌకనెక్కెను. ఓడిన బ్రిటిషు, ఆస్ట్రేలియా, న్యూజీలండు సైనికులు వేలకొలది ఎండలో, దప్పికతో స్ఫాకియా రేవునకు నడచిరి. నాలుగు రాత్రులు నౌకలు వచ్చి కొందరిని కొనిపోయెను. మిగిలిన వేలమంది జూన్ 1న బందీలైరి.

అటుపిమ్మట ఈ దారులను నిలిపినవారు గొఱ్ఱెల కాపరులు. అసీ గోనియా గ్రామపు కాపరి జార్జి సిఖుందాకిస్ రహస్య వార్తలను, రేడియో పరికరములను మోసికొనుచు శత్రువుల కన్నుగప్పి రాత్రులందు కొండలు దాటెను. ఇంట హాయిగ రేడియో వినువారమైన మనకు ఆ బరువు ఊహకందునది కాదు. యుద్ధానంతరము సేననుండి పారిపోయినవాడను తప్పుడు నెపమున అతనిని చెరసాలలో నుంచిరి. అతని స్మృతుల గ్రంథము 1955లో ఆంగ్లమున వెలువడెను. హోమరు కావ్యములను అతడు క్రీటు మాండలికములోనికి తెచ్చెను. 4,400లకు పైగ జర్మను సైనికులు నిద్రించు మాలెమె శ్మశానమునకు అతడే ఉత్తరకాలమున సంరక్షకుడై, ఒకనాటి శత్రువుల సమాధులను కాపాడెను. 2006లో మరణించెను.

1962లో గ్రీసు ప్రభుత్వము సమరియా లోయను జాతీయవనముగ ప్రకటించెను. క్రీక్రీ యను అడవిమేకకు అభయము దొరకినది. కాని లోయ నడుమనున్న సమరియా పల్లెవారు ఇండ్లు విడిచి పోవలసివచ్చెను. తురుష్కులకు, జర్మనులకు లొంగని ఆ లోయ నేడు తన వారిని పంపివేసి, అతిథులకు త్రోవ యిచ్చుచున్నది. ఆ రాతియిండ్ల నీడను బాటసారులు సంచులు దింపి క్షణకాలము విశ్రమింతురు. ఆ నీడ ఎవరిదో తెలిసి విశ్రమించినచో వారి యాత్ర సార్థకమగును.