రాజమహల్ మ్యూజియం అయిన వైనం

చంద్రగిరి రాజమహల్ ముందు నిలబడితే మూడంతస్తుల పొడవునా కమానులు కనిపిస్తాయి. వాటిపైన గుడి విమానాల్లాంటి శిఖరాలున్నాయి. కమానుల పోకడ సుల్తానులది, శిఖరాలు మన గుళ్లవి. రాయి, ఇటుక, సున్నంతోనే లేపిన ఈ కట్టడంలో కలప వాడలేదు. రెండు సంప్రదాయాల పనితనం ఒకే గోడమీద ఇంత చక్కగా కుదిరిన చోట్లు మనకు ఎక్కువ లేవు.

ఈ మహల్ ఉన్న చంద్రగిరి కోట 11వ శతాబ్దంలో యాదవరాయల కాలంలో వెలసిందంటారు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకు, ఆపైన చంద్రగిరికి చేరింది. అక్కడి విజయనగర రాజు రెండవ వెంకటపతిరాయల ఆస్థానానికి 1598లో జెస్యూట్ పాదిరీలు వచ్చారు. చర్చి కట్టుకోవడానికి ఆయన అనుమతిచ్చారు. వాళ్లలోని చిత్రకారులు రాయల కొలువులో బొమ్మలు కూడా గీశారు. ఇంత దూరపు కళను కూడా ఆదరించిన కొలువు ఇది.

ఆ తర్వాత శతాబ్దాలపాటు కోట వైభవం తగ్గింది. చివరికి 1988-89లో పురావస్తు శాఖ ఈ మహల్‌లో మ్యూజియం పెట్టింది. గుడిమల్లం, గండికోట, యాగంటి తదితర చోట్ల దొరికిన శిల్పాలు అందులో ఉన్నాయి.

శిల్పాలు మ్యూజియం లోపలికి వచ్చాయి, జనం కళలు మాత్రం బయటే ఉండిపోయాయి. మే నెలలో తిరుపతి గంగమ్మ జాతరకు రండి. ఒళ్లంతా నామం సుద్ద పూసుకుంటే బైరాగి వేషం, కుంకుమ పూసుకుంటే బండ వేషం, బొగ్గుపొడి పూసుకుంటే తోటి వేషం. చేతిలో వేపమండలు. మగవాళ్లు చీర కట్టి, పూలజడ వేసుకుని మొక్కు తీర్చుకుంటారు. చంకలో పిల్లవాడికీ వేషం వేసి తీసుకొస్తారు. ఇంటిల్లిపాదీ పాల్గొనే కళ ఇంతకన్నా ఏముంటుంది? ఇక పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్లదగ్గర భారతం ఉత్సవాలు. అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, దుర్యోధన వధ, చివర అగ్నిగుండం. తెలుగు, తమిళ పల్లెలు రెండూ తమవే అనుకునే ఆట అది. శ్రీకాళహస్తిలో కలంతో గుడ్డమీద పురాణాలు గీసే కలంకారీ కళాకారులు సరేసరి.

మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినం. 1977 నుంచి ప్రపంచమంతా జరుపుకుంటోంది. అది జాతర రోజులకు దగ్గరగానే వస్తుంది. ఆ రోజున మహల్ ముందు పచ్చికమీద వేషగాళ్లను, భారతం ఆటవాళ్లను, కలంకారీ కళాకారులను కూర్చోబెట్టాలని పురావస్తు శాఖను, జిల్లా యంత్రాంగాన్ని కోరుతున్నాను. పిల్లల చేతికి ఒక కలం, ఒక గుడ్డముక్క ఇస్తే చాలు.

తిరుమల వచ్చే కుటుంబాలకూ ఒక మాట. దర్శనమయ్యాక చంద్రగిరికి ఒక పూట కేటాయించండి. పదిహేనేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. మ్యూజియానికి శుక్రవారం సెలవు.